తల్లి వైపు రక్తం

మా అన్న దామియన్ మెడ ఎడమ పక్కకి తిరగడం మొదలైన ఎండాకాలంలో మా పుట్టింట్లో ఒకళ్ళు వండింది ఇంకొకళ్ళు తినడం మానేశారు.

ముందు మానేసింది నానాయ్. మా అమ్మని పిల్లలమూ, కోడలూ అందరం నానాయ్ అనే పిలిచేవాళ్ళం. ఒఫెలియా వదిన చేపల పులుసు గిన్నె తెచ్చి ముందు పెడితే నానాయ్ మూత తీసి వాసన చూసేది. గరిటె అడుగుదాకా పెట్టి కలిపి, మళ్ళీ మూత పెట్టేసేది. ఆకలి లేదనేది. కాసేపయ్యాక పెరట్లోకి వెళ్ళి తనే ఎండుచేప కాల్చుకుని నిలబడి తినేసేది.

దామియన్‌ది ఆల్చిప్పల పని. మా దీవిలో పనాయ్ నది సముద్రంలో కలిసే చోట నీళ్ళలో వెదుళ్ళు పాతి, వాటిని పట్టుకుని పెరిగిన ఆల్చిప్పల్ని కోసుకొచ్చి రోహాస్ పట్నం బజారుకి వేసేవాడు. ఫిబ్రవరిలో అనుకుంటా, పడవ నడుపుతూ ఊరికే ఎడమ ఒడ్డు కేసి చూడటం మొదలుపెట్టాడు. తోటివాళ్ళు నవ్వారు. "అటేపు ఎవత్తి ఉందిరా నీకు?" అని ఏడిపించారు. వాడూ నవ్వాడు. పవిత్ర వారం దగ్గర పడేసరికి ఎవరూ నవ్వడం లేదు. గడ్డం మీద రెండు వేళ్ళు ఆనిస్తే మెడ తిన్నగా వచ్చేది. వేళ్ళు తీస్తే ఎవరో జుట్టు పట్టి లాగినట్టు మళ్ళీ పక్కకి పోయేది.

మా వైపు దాన్ని లుబాగ్ అంటారు. మెలి తిరగడం అని అర్థం. ఎక్కువగా మగవాళ్ళకే, అదీ నడివయసులో, కొందరికి ఇంకా ముందే వస్తుంది. ముందు మెడో కాలో మెలి తిరుగుతుంది, తర్వాత దవడ, ఆ పైన నాలుక. చివరికి మింగుడు పడదు. ఇంత తెలిసినా ఆ మాట ఎవరూ పైకి అనరు. దామియన్ విషయంలో మా నానాయ్ అస్సలు అననివ్వలేదు.

"ఇది జబ్బు కాదు. ఎవడో చేయించాడు," అంది.

మొదటి అనుమానం కులాస్ మీద. మా వెదుళ్ళ పక్కనే అతని వెదుళ్ళు. హద్దు దగ్గర కిందటేడు గొడవైంది. భూతవైద్యుణ్ణి పిలిపించి పొగ వేయించింది. అతను పళ్ళెంలో నూనె చూసి, చేయించింది బయటివాళ్ళు కాదు, ఈ కప్పు కిందే తిరుగుతున్న మనిషి అన్నాడు. ఆ రోజు నుంచి నానాయ్ కళ్ళు ఒఫెలియా మీద పడ్డాయి.

ఒఫెలియా కూడా ఊరుకునే మనిషి కాదు. కొండ మీద పల్లె నుంచి వచ్చిన పిల్ల, నోరున్న పిల్ల. ఒక మధ్యాహ్నం నేను అక్కడ ఉండగానే నానాయ్ పులుసు గిన్నె వెనక్కి తోసి అంది:

"దీంట్లో ఏం కలిపావో ముందు నువ్వు తిను."

ఒఫెలియా గరిటెతో మూడు సార్లు తాగి, మూతి తుడుచుకుంది. "చూశారుగా, చావలేదు. కాసేపు కూర్చుని చూడండి. అప్పటికీ చావకపోతే మీ అబ్బాయికి పెడతాను."

దామియన్‌కి నవ్వొచ్చింది. పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగింది గానీ నోరు మూసుకోలేదు. దవడ అలాగే తెరుచుకుని ఉండిపోయింది. వాడు రెండు చేతులతో గడ్డం కింద నొక్కుకుంటుంటే ఒఫెలియా గరిటె పడేసి వాడి తల గుండెకి ఆనించుకుంది. నానాయ్ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎండుచేప కాల్చుకోవడానికి కాదు. ఊరికే గోడ కేసి చూస్తూ నిలబడింది.

పేటలో వాళ్ళ కళ్ళు మాత్రం దామియన్ కొడుకు రొమ్మెల్ మీద పడ్డాయి. తండ్రికి వస్తే కొడుక్కి రాక మానదని అందరి లెక్కా. వాడు బంతి వదిలేస్తే చూసేవాళ్ళు, తడబడితే చూసేవాళ్ళు. వాడు మెడ గోక్కున్నా సరే, అరుగు మీద మాటలు ఆగిపోయేవి. నేనూ చూశాను. చూసి, నా కొడుకు ఎల్మెర్‌ని దగ్గరికి లాక్కుని, వీడికి ఆ గొడవ లేదులే అనుకున్నాను. మా ఆయన బెర్తో కిరాయికి ట్రైసికిల్, అదే పక్కన మనుషులు కూర్చునే తొట్టి బిగించిన మోటారు సైకిలు, నడుపుతాడు. వాళ్ళ వంశంలో అందరూ ముసలయ్యి, చుట్ట కాల్చుకుంటూ పోయినవాళ్ళే.

ఏప్రిల్ మొదట్లో ఇలోయిలో నగరం నుంచి డాక్టర్ సల్వేరొన్ వచ్చింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. వెంట ఒక నర్సు. రోహాస్ ఆసుపత్రిలో దామియన్‌ని చూసిన వాళ్ళు కబురు చేశారట.

నానాయ్ ఆవిణ్ణి గుమ్మం దాటి రానివ్వలేదు.

"ఇంతకు ముందూ వచ్చారు మీలాంటి వాళ్ళు. అవతలి పేటలో ఒక్కో మనిషి దగ్గర ఇంతేసి రక్తం లాగి, చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టి వెళ్ళారు. మళ్ళీ మొహం చూపించలేదు. ఆ రక్తం ఎక్కడ అమ్ముకున్నారు?"

"వాళ్ళెవరో నాకు తెలీదమ్మా. తిరిగొచ్చి చెప్పకపోవడం మాత్రం తప్పే," అంది డాక్టరమ్మ. "నేను తీసుకుంటే తిరిగొచ్చి చెప్తాను. చెప్పకపోతే నన్ను ఈ నదిలో ముంచండి."

"ముంచడానికి లోతు చాలదు, ఆటు సమయం," అన్నాడు లోపల్నుంచి దామియన్. డాక్టరమ్మ పకపకా నవ్వింది. నానాయ్ నవ్వలేదు గానీ పక్కకి తప్పుకుంది.

ఆవిడ దామియన్‌ని నడిపించింది, నాలుక చాపించింది, వేళ్ళు ఆడించమంది. ఆ తర్వాత కుటుంబం గురించి అడగడం మొదలుపెట్టింది. అప్పుడు నాకొకటి తట్టింది. పోయిన మా నాన్న గురించి ఆవిడ ఒక్క ముక్క అడగలేదు. ప్రశ్నలన్నీ నానాయ్‌కే. మీ అమ్మగారి పేరేమిటి? ఏ ఊరు? మీ మేనమామలు ఎలా పోయారు? మీకు అన్నదమ్ములున్నారా?

"ఒక్కడే తమ్ముడు, ఫాస్తో. తుఫానులో సముద్రం మీద పోయాడు. శవం కూడా దొరకలేదు," అంది నానాయ్. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న మాటే అది. కానీ ఆ రోజు ఆవిడ చాలా గబగబా చెప్పింది.

"ఏ వయసులో?"

"కుర్రాడు."

డాక్టరమ్మ నానాయ్‌ని కాసేపు చూసి, సరే అంది. దామియన్ చెయ్యి చాపాడు. నానాయ్‌ని, నన్ను కూడా అడిగితే నానాయ్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆడవాళ్ళకి రాని జబ్బుకి ఆడవాళ్ళ రక్తం దేనికి?"

అప్పటిదాకా మా ఇంట్లో అందరి అనుమానాలూ విన్నదాన్ని, ఆ రోజు నాకూ ఒకటి మొలిచింది. అది నానాయ్ మీదే.

గుడ్ ఫ్రైడే ఊరేగింపుకి నానాయ్ పుట్టింటి వైపు బంధువు తియా కొరింగ్ వచ్చింది. పెద్దమ్మ వరస. చెవుడు, అందుకని అందరూ చెవుటివాళ్ళే అన్నట్టు గట్టిగా మాట్లాడుతుంది. చర్చి మెట్ల మీద నీడలో కూర్చోబెట్టి విసురుతూ అడిగాను.

"పెద్దమ్మా, ఫాస్తో మామ ఏ తుఫానులో పోయాడు?"

"తుఫానా?" అంది ఆవిడ. ముందు మెట్టు మీద వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. "తుఫానేంటే సోలింగ్? మంచం మీద పోయాడు. అచ్చం మీ అన్నలాగే. చివర్లో నోరు మూతపడేది కాదు, నాలుక కొరుక్కోకుండా గుడ్డ పెట్టేవాళ్ళం. మీ అమ్మే కదా గంజి పట్టింది! మూడేళ్ళు, చెంచాడు చెంచాడు. అప్పటికి దానికి పెళ్ళి కూడా కాలేదు."

జనంలోంచి నానాయ్ మా కేసి వస్తోంది. మా మొహాలు చూసి మధ్యలో ఆగిపోయింది. తర్వాత దగ్గరికొచ్చి, "ఎండ ఎక్కువైంది, పద కొరింగ్," అని ఆవిణ్ణి రెక్క పట్టి లేపింది. నా వైపు చూడలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏం వినాలో అని భయం.

ఈస్టర్ అయ్యాక ఒఫెలియా తల్లి కొండ మీద నుంచి దిగింది. ఎవరు మోశారో మాటలు, ఆవిడకి అన్నీ తెలుసు. వాకిట్లో నిలబడే కేకలు వేసింది.

"నా పిల్ల విషం పెట్టిందా? మీ రక్తంలో పురుగు పెట్టుకుని నా పిల్ల మీద వేస్తారా? లే ఒఫెలియా. పిల్లాణ్ణి తీసుకుని నడువు. వీళ్ళ గాలి కూడా తగలకూడదు వాడికి."

ఒఫెలియా సంచీ సర్దింది. నేను ఆపుతానేమో అని నా వైపు చూసింది కూడా. సర్దడమైతే సర్దింది గానీ, "రేపు రోహాస్‌లో డాక్టరమ్మ ఫలితం చెప్తానంది. అది విని వస్తానమ్మా," అంది. "విని వస్తావో, వినకుండా వస్తావో, రావడం మాత్రం రావాలి," అని తల్లి అరుగు మీదే చాప పరుచుకుంది.

మర్నాడు బెర్తో ట్రైసికిల్‌లో దామియన్, ఒఫెలియా, నేను వెళ్ళాం. నానాయ్ తలనొప్పి అని ఆగిపోయింది. బెర్తో బయట చెట్టు కింద ఉండిపోయాడు.

డాక్టరమ్మ దామియన్ ఎదురుగా కూర్చుని, ఉన్నదని చెప్పింది. వాడికి ఆ సంగతి ముందే తెలిసినట్టుంది. తల ఊపాడు, ఊపితే మెడ పోయింది.

"మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పెద్ద రాత ఉంటుంది," అంది ఆవిడ. "ఒళ్ళు దాన్ని చదువుకుంటూ తనకి కావలసినవి తయారుచేసుకుంటుంది. ఎన్నో తరాల కిందట, ఈ దీవిలోనే ఎవరో ఒక్క మనిషిలో, ఆ రాతలో ఒకచోట ఎక్కడిదో ముక్క వచ్చి దూరింది. మీ ఒళ్ళు అక్కడిదాకా బాగానే చదువుతుంది. ఆ ముక్క దగ్గరికొచ్చి తడబడుతుంది, కొన్నిసార్లు సగంలోనే ఆపేస్తుంది. దాంతో తయారవ్వాల్సిన ప్రొటీను సరిపడా తయారవ్వదు. మెదడు లోపల కదలికల్ని అదుపు చేసే చోట కణాలు ఒకటొకటే చచ్చిపోతాయి. ఆ ముక్క చివర ఆరక్షరాల మాట ఒకటి మళ్ళీ మళ్ళీ వస్తుంది. అది ఎంత ఎక్కువసార్లు వస్తే జబ్బు అంత చిన్న వయసులో మొదలవుతుంది."

"అంటే నా రక్తానికి నత్తి," అన్నాడు దామియన్.

"ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను," అంది డాక్టరమ్మ.

మందుంటే చెప్పమని అడిగింది ఒఫెలియా. మెడకి సూదులున్నాయి, కొన్నాళ్ళు పట్టు వదులుతుంది. మనీలాలో తల లోపలికి సన్నని తీగలు దింపి, గుండె పైన చర్మం కింద చిన్న బ్యాటరీ పెడతారు. కొందరికి దాంతో దవడ మూతపడుతుంది, నడక వస్తుంది. అయినా జబ్బు పోదు. ఆ దూరిన ముక్కని ఒళ్ళు పట్టించుకోకుండా దాటిపోయేలా చేసే మందు కోసం వెతుకుతున్నారు. ఇంకా గాజు పళ్ళేల్లో పెంచిన కణాల మీదే చూస్తున్నారు, మనిషిదాకా రాలేదు.

ఒఫెలియా ఇదంతా విన్నదో లేదో. ఆవిడ అసలు ప్రశ్న వేరే ఉంది. అది దామియన్ అడిగాడు.

"మా వాడికి?"

"రొమ్మెల్‌కి రాదు," అంది డాక్టరమ్మ. "వచ్చే దారి లేదు. ఈ ముక్క ఉన్న భాగం తండ్రి నుంచి కొడుక్కి వెళ్ళదు. తల్లి దగ్గర్నుంచే వస్తుంది మగపిల్లలకి. మీకూ అలాగే వచ్చింది."

ఒఫెలియా ముందుకు వంగి మొహం మోకాళ్ళలో పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని చప్పుడు. దామియన్ ఆవిడ వీపు రాస్తూ, "చెప్పానా, చెప్పానా" అంటున్నాడు. వాడు ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

నేను లెక్క కడుతున్నాను. తల్లి దగ్గర్నుంచి కొడుక్కి. నానాయ్ దగ్గర్నుంచి దామియన్‌కి. నానాయ్‌కి ఒక కూతురు కూడా ఉంది.

తలెత్తితే డాక్టరమ్మ నా కేసే చూస్తోంది. అడిగితేనే చెప్తాను అన్నట్టు ఉందా చూపు. చేతిలో మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టాను. ఒఫెలియా మోకాళ్ళ మీద నుంచి తల ఎత్తింది. నన్ను చూసింది, ఆవిడకీ లెక్క తెలిసిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. ఇంటిదాకా వదల్లేదు.

దారిలో బెర్తో, "ఏమన్నారు?" అని అరిచాడు ఇంజను చప్పుడులో. "రొమ్మెల్‌కి రాదట" అని అరిచాను. మిగతాది చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఒఫెలియా తల్లి చాప చుట్టుకుని ఒక్కతే కొండెక్కింది. వెళ్తూ నా కొడుకు ఎల్మెర్ తల మీద చెయ్యి పెట్టబోయి, ఎందుకో ఆగి, తీసేసుకుంది. ఆ చెయ్యి ఎందుకాగిందో నాకు తెలిసింది. బెర్తో కూడా చూశాడేమోనని నేను అతని మొహం చూశాను. అప్పట్నుంచి అదే నా పనైపోయింది, మా ఆయన మొహం చూడటం. ఎవరైనా చెప్పారా? తెలిస్తే ఉంటాడా? వాళ్ళ అమ్మ ఉండనిస్తుందా? బెర్తో ఆలస్యంగా వస్తే అనుమానం, తొందరగా వస్తే అనుమానం. ఎల్మెర్‌ని ఎత్తుకుని మెడ దగ్గర ముద్దు పెడితే, ఏం వెతుకుతున్నాడు అక్కడ అని అనుమానం. ఒకప్పుడు నానాయ్‌ని చూసి చీదరించుకున్నాను. ఇప్పుడు నా బుద్ధీ అచ్చం అలాగే తయారైంది.

మే నెలలో ఒక పొద్దున నానాయ్ పెరట్లో ఆల్చిప్పలు ఒలుస్తుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. కత్తి ఒకటి నేనూ తీసుకున్నాను.

"మామ తుఫానులో పోలేదు," అన్నాను.

నానాయ్ చేతిలోది ఒలిచి, మాంసం గిన్నెలో వేసి, ఇంకోటి తీసుకుంది. "లేదు."

"మరి అందరి మీదా ఎందుకు వేశావు? కులాస్ మీద. వదిన మీద."

నానాయ్ ఇంకో రెండు ఒలిచి గిన్నెలో వేసింది.

"విషమైతే విరుగుడు ఉంటుంది ఇందయ్," అంది. చిన్నప్పుడు పిలిచే పిలుపు అది. "చేతబడి అయితే తీసేవాడుంటాడు. మీ వదినే చేసింది అనుకో, కాళ్ళ మీద పడి మాన్పించుకోవచ్చు. అది కాదని తెలిశాక నేను ఎవరి కాళ్ళ మీద పడను? వాడు పుట్టిన రోజు నుంచీ వాడి మెడే చూస్తున్నాను. పాలు తాగుతుంటే చూశాను, పెళ్ళినాడు చర్చిలో చూశాను."

"నాతో ఒక్క మాట..."

"నువ్వు పుట్టినప్పుడు మంత్రసాని ఆడపిల్ల అంది. నేను ఎంత ఏడ్చానో తెలుసా, సంతోషంతో? ఒక్కత్తైనా తప్పించుకుంది అనుకున్నాను." కత్తి ఆగింది. "ఒఫెలియా చెప్పింది మొన్న. ఆడవాళ్ళ మీదుగా వస్తుందట కదా. నిజమేనా?"

"నిజమే."

"ఎల్మెర్..." అంది. నేను దగ్గరికి జరిగి కూర్చున్నాను. మిగిలినవన్నీ ఇద్దరం కలిసి ఒలిచాం.

వానలు పడేముందు డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. వస్తానన్న మాట నిలబెట్టుకుంది. ఈసారి నానాయే కుర్చీ తెచ్చి వాకిట్లో వేసి, తనే కూర్చుంది. చొక్కా చెయ్యి పైకి మడిచింది. నర్సుకి నరం దొరకలేదు, మళ్ళీ గుచ్చింది.

"కంగారు పడకు పిల్లా. నిదానంగా తియ్యి, కావలసినంత తియ్యి," అంది నానాయ్. తర్వాత డాక్టరమ్మ కేసి తిరిగింది. "దీంతో మందు వస్తుందా?"

డాక్టరమ్మ కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది. "నేను మాట ఇవ్వలేనమ్మా. మీ రక్తం లేకపోతే మాత్రం వెతకడానికి దారి ఉండదు."

"మాట ఇచ్చి ఉంటే చెయ్యి వెనక్కి లాక్కునేదాన్ని," అంది నానాయ్. రెండో చెయ్యి కూడా చాపింది.

ఆవిడ లేచాక నేను కూర్చున్నాను. ఎవరూ నా మోచెయ్యి పట్టుకోలేదు.

నా ఫలితం వినడానికి వెళ్ళిన రోజు రోహాస్‌లో ఆకాశం నల్లగా ఉంది. డాక్టరమ్మ తలుపు వేసి, బల్ల అవతల కాకుండా నా పక్కన కూర్చుంది. ఉన్నదని చెప్పింది. ఎల్మెర్‌కి ఉండొచ్చు, ఉండకపోవచ్చు, సగానికి సగం. పిల్లాడిగా ఉండగా వాడికి పరీక్ష చెయ్యరనీ, పెద్దయ్యాక తెలుసుకోవాలో వద్దో వాడే తేల్చుకోవాలనీ చెప్పింది. ఈలోగా ఏమైనా కనిపెట్టవచ్చు అని కూడా అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో ఊరడింపు కోసం వెతికాను. అలాంటిదేమీ లేదు. ఉన్నమాటే చెప్తోంది.

బయట బెర్తో ట్రైసికిల్ పక్కన నిలబడి ఉన్నాడు. దామియన్ మందుల కోసం అని చెప్పి తీసుకొచ్చాను అతన్ని. నా చేతిలో మందులు లేవు.

"ఉందా?" అన్నాడు.

ఏమిటన్నట్టు చూశాను.

"నీకు ఉందా అని అడుగుతున్నాను."

"నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఆ రోజు నుంచీ నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నావు. నేను దొంగతనం ఏం చేశానా అని ఆలోచించుకుంటూ వచ్చాను. వీళ్ళు మీ రక్తం తియ్యడానికి వచ్చినప్పుడు ఆ నర్సునే అడిగాను, ఈ జబ్బు ఎటు నుంచి ఎటు వస్తుందీ అని. నీ గురించి కాదు, ఊరికే. చెప్పింది." చేతిలో కీ గిరగిరా తిప్పుతున్నాడు. "ఎన్నాళ్ళు చెప్పకుండా ఉంటావో చూద్దామని నేనూ ఊరుకున్నాను. కోపం వచ్చింది సోలింగ్. చాలా కోపం వచ్చింది."

"ఉంది," అన్నాను.

అతను తల దించుకున్నాడు. కీ తిప్పడం ఆపాడు. మొదటి చినుకులు ట్రైసికిల్ రేకు మీద పడ్డాయి. నేను వెళ్ళి ఎక్కి కూర్చోవాలో, అక్కడే నిలబడాలో తెలీలేదు.

"వాడికి చెప్పేటప్పుడు, అదెప్పుడైనా సరే, నువ్వొక్కదానివే చెప్పకు," అన్నాడు. "నేనూ ఉంటాను."

ఇంజను స్టార్ట్ చేసి, నా వైపు వాన కొట్టకుండా పక్కనున్న పరదా దించాడు. "ఎక్కు, తడుస్తావు" అన్నాడు. ఎక్కాను.